కొత్త చిన్న కారు: ఏది దాని స్వభావం, ఏది లోపం

కారు ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, చెవి పెట్టి వింటున్నాను. మా ఆవిడ గుమ్మంలోంచి "దానికేమైనా జ్వరం వచ్చిందా, నాడి చూస్తున్నారు" అంది. నవ్వొచ్చింది కానీ నా టెన్షన్ నాది. పాత కారు నాలుగు సిలిండర్లది, పదకొండేళ్లు నడిపాను, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ ఆన్‌లో ఉందో లేదో కూడా తెలిసేది కాదు. ఈ కొత్తది ఆగిందంటే చాలు సీటు కింద సన్నగా వణుకు, గేరు మారిందంటే తల ముందుకు ఊగుతుంది, మైలేజీ చూస్తే కంపెనీ చెప్పిన దాంట్లో సగానికి కాస్త పైన. మొదటి పది రోజులూ నిండా మునిగాననే అనుకున్నాను.

ఇప్పటికి ఏడు నెలలైంది, తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగింది. వెనక్కి తిరిగి చూసుకుంటే నేను నిద్ర మానుకుని భయపడిన వాటిలో ముప్పాతిక వంతు ఆ రకం కారుకి పుట్టుకతో వచ్చే స్వభావాలే. నేను అస్సలు పట్టించుకోనిది మాత్రం ఒకటి నిజంగా లోపం. ఈ రెండింటినీ విడదీయడం ఎలాగో ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను.

నా కారు పేరు చెప్పను, చెప్తే విషయం పక్కకి పోయి ఏ కంపెనీ గొప్పదన్న గొడవ మొదలవుతుంది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1.2 లీటర్ పెట్రోల్, మూడు సిలిండర్లు, ఏఎంటీ గేర్లు (క్లచ్ పెడల్ లేకుండా వాటంతటవే మారేవి). ఇప్పుడు కొనే చిన్న కార్లలో చాలా వాటికి ఈ వర్ణన సరిపోతుంది. నాలుగు సిలిండర్లకి పేరుపడ్డ స్విఫ్ట్ కూడా 2024లో వచ్చిన కొత్త మోడల్‌తో మూడుకి దిగింది. బాలెనో, ఐ20 లాంటివి ఇంకా నాలుగులోనే ఉన్నాయి, ఆ కార్లవాళ్లు వణుకు గురించి రాసింది వదిలేసి మిగతాది చదువుకోవచ్చు.

చూడాల్సింది డెలివరీ రోజున కాదు

మనవాళ్లు చాలామంది కారుని మొదటిసారి సరిగ్గా చూసేది డెలివరీ రోజునే, అదీ పూలదండ వేసి, రిబ్బన్ కట్టి, ఫొటోగ్రాఫర్ నిలబడి ఉన్నప్పుడు. అప్పుడు గీత కనిపించినా ఎవరూ నోరెత్తరు, శుభమా అని బండి తీసుకుంటుంటే ఎందుకులే అనుకుంటారు. చూడాల్సింది అంతకు ముందు, బండి ఇంకా యార్డులో ఉన్నప్పుడు, రిజిస్ట్రేషన్‌కి పంపకముందు. ఒకసారి మీ పేరు మీద రిజిస్టర్ అయిపోయాక "ఇది వద్దు, ఇంకోటి ఇవ్వండి" అంటే వినే నాథుడు ఉండడు. అందుకే బుక్ చేసేటప్పుడే సేల్స్ అతనికి ఒక మాట వేసి ఉంచండి: "బాబూ, బండి నేను చూసి సరే అన్నాకే రిజిస్ట్రేషన్, మిగతా డబ్బు కూడా అప్పుడే." మొహం మాడ్చుకుంటారు, అయినా ఒప్పుకుంటారు.

యార్డుకి పగటిపూట వెళ్లండి. షోరూమ్ లైట్ల కింద ప్రతి కారూ పెళ్లికూతురే. ఎండలో పక్కనుంచి, కాస్త వంగి చూస్తే పెయింట్‌లో తేడా, డోరుకీ ఫెండరుకీ మధ్య సందు ఒక వైపు ఎక్కువ ఒక వైపు తక్కువ ఉండటం తెలుస్తాయి. రబ్బరు బీడింగు మీద పెయింట్ తుంపరలు కనిపిస్తే ఎక్కడో రంగు మళ్లీ వేశారని అర్థం, అక్కడే ఆగి అడగండి.

తయారైన నెల, సంవత్సరం ముఖ్యం. ఫారం 21 అని సేల్ సర్టిఫికెట్ ఇస్తారు, అందులో రాసి ఉంటుంది. ఛాసిస్ నంబర్‌లో కూడా ఆ వివరం కోడ్ రూపంలో దాగి ఉంటుంది. టైర్ల పక్కన అచ్చుపోసిన నాలుగు అంకెలు చూడండి, 3225 అని ఉంటే 2025లో 32వ వారంలో తయారైందని. కారు కంటే టైరు ఒకట్రెండు నెలలు పాతదైతే ఫర్వాలేదు. నాలుగూ ఒక కాలానివి, ఐదోది ఇంకో కాలానిది అయినా పెద్ద తప్పు కాదు. కారే ఆరేడు నెలలు యార్డులో ఎండకి ఎండి వానకి తడిసి ఉంటే మాత్రం ధర తగ్గించమని గట్టిగా అడగాల్సిందే, బ్యాటరీ కూడా చెక్ చేయించాల్సిందే. డిసెంబరులోనో, ఆషాఢంలో కొనుగోళ్లు లేనప్పుడో పెద్ద డిస్కౌంట్ ఇస్తున్నారంటే ముందు ఈ తయారీ నెల చూడండి. ఆషాఢంలో కొనడం తప్పని నేననను, నేను ఆషాఢంలోనే డబ్బు కట్టి శ్రావణంలో బండి తెచ్చుకున్నాను, అత్తగారికీ ఆనందం, నాకూ డిస్కౌంట్.

తర్వాత లోపల కూర్చుని పనిచేసే ప్రతిదీ పనిచేయించండి. నాలుగు అద్దాలు, వైపర్లు, హారను, ఏసీ, వెనక కెమెరా, రెండు తాళాలూ, ఐదు సీటు బెల్టులూ. డిక్కీలో స్టెప్నీ, జాకీ ఉన్నాయా చూడండి. చాలా చిన్న కార్లలో స్టెప్నీ మిగతా టైర్ల కంటే చిన్నదిస్తున్నారు, దాని మీద 80 దాటి వెళ్లకూడదని రాసి ఉంటుంది, ఆ సంగతి హైవే మీద పంక్చర్ అయిన రాత్రి తెలుసుకోవడం కంటే ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. మీటర్‌లో యాభై అరవై కిలోమీటర్లు ఉంటే సహజం. వంద దాటితే ఎందుకు దాటిందో అడగండి.

డబ్బు జారిపోయే చోట్లు

2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతం. అంతకు ముందు 28, పైన సెస్ 1. అంటే ఆ నాలుగు మీటర్లన్నది డిజైనర్ల ముచ్చట కాదు, పన్ను గీత. మీ కారు డిక్కీ అంత పొట్టిగా ఉండటానికి కారణం కూడా అదే. ఇన్‌వాయిస్‌లో ఆ శాతం ఒకసారి చూసుకోండి.

తర్వాత కొటేషన్‌లో వరసల మధ్య దాక్కున్నవి చూడండి. హ్యాండ్లింగ్ ఛార్జీలని ఐదో పదో వేలు రాస్తే అదెందుకో అడిగి కొట్టేయించండి. అడిగినవాడికి తీసేస్తారు, అడగనివాడికి ఉంచుతారు, అంతే. యాక్సెసరీస్ ప్యాకేజీ తప్పనిసరి అంటే నమ్మకండి. ఇన్సూరెన్స్ కూడా షోరూమ్‌లోనే తీసుకోవాలన్న రూలు లేదు. బయట రేటు కనుక్కుని ఆ కాగితం చూపిస్తే చాలు, అదే షోరూమ్ వాడు తన రేటు దింపుతాడు. నాకు పదకొండు వేలు తగ్గింది. కొత్త కారుకి థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానిది) మూడేళ్లకి ఒకేసారి కట్టాలి, సొంత డ్యామేజీది ఏడాదికి తీసుకుని ఆ తర్వాత మార్చుకోవచ్చు.

పాలసీకి అదనంగా కొనే యాడ్ ఆన్‌లలో జీరో డెప్ (విడిభాగాలు పాతబడ్డాయని క్లెయిమ్‌లో కోత పెట్టనిది) తీసుకోండి, చర్చ లేదు. ఇంజన్ ప్రొటెక్ట్ అవసరమా అని చాలామంది అడుగుతారు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు కార్లు పైకప్పుల దాకా మునిగాయి కదా, ఆ దృశ్యం గుర్తు తెచ్చుకోండి చాలు. నీళ్లు లోపలికి వెళ్లిన ఇంజన్‌ని స్టార్ట్ చేయబోతే పిస్టన్ నీటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. మామూలు పాలసీలో "మీరు స్టార్ట్ చేశారు కాబట్టి పాడైంది" అని ఇంజన్ ఖర్చు ఎగ్గొట్టే అవకాశం ఎక్కువ. ఈ యాడ్ ఆన్ ఉన్నా సరే, మునిగిన బండికి తాళం తిప్పకండి, లాగించుకెళ్లండి.

ఇంకొకటి. ఫాస్టాగ్ షోరూమ్ వాడే అతికించి ఇస్తాడు, కానీ అప్పటికి మీకు నంబర్ రాదు కాబట్టి అది ఛాసిస్ నంబర్ మీద ఉంటుంది. నంబర్ రాగానే దాంట్లో మార్పించండి. మూడు వేలకి ఏడాదికి 200 ట్రిప్పులని 2025 ఆగస్టు 15 నుంచి నేషనల్ హైవేలకి ఒక పాస్ పెట్టారు, తరచూ ఊరెళ్లే వాళ్లకి మంచిదే, అది కావాలంటే ఫాస్టాగ్‌లో అసలు నంబర్ ఉండాలి.

పూజ

మాది విశాఖపట్నం. ఇక్కడ కొత్త బండి ఏదైనా ముందు వెళ్లేది ఆశీల్‌మెట్టలో సంపత్ వినాయకుడి దగ్గరికే. కొండగట్టు, కాణిపాకం, జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి, మీకు ఏది దగ్గరైతే అది. పూజ గురించి నాకు అనుమానాలేం లేవు, పెయింట్ గురించే నా బాధ. పసుపు మరక తెలుపు కారు మీద అలాగే ఉండిపోతుంది. నూనెలో కలిపిన కుంకుమతో బానెట్ మీద స్వస్తిక్ వేసి ఎండలో వదిలేస్తే పెయింట్ పైనుండే పారదర్శక పొర, క్లియర్ కోట్ మీద ఎర్రటి నీడ మిగులుతుంది. అద్దం మీద వేయమని పూజారి గారిని ముందే అడగండి, వాళ్లకి అలవాటే. కొబ్బరికాయ కొట్టిన నీళ్లు పడితే వెంటనే తడిగుడ్డతో తుడవండి. హారతి పళ్లెం మాత్రం బానెట్ మీద పెట్టనివ్వకండి, మా కొలీగ్ కారు మీద గుండ్రటి మచ్చ ఇప్పటికీ ఉంది. నిమ్మకాయలు తొక్కించాక టైరు గాళ్లలో ఇరుక్కున్న తొక్కలు తీసేయండి. పూజారి గారు ఒక రూపాయి బిళ్ళకి పసుపు రాసి "బండిలోనే ఉంచండి బాబూ" అని ఇచ్చారు, ఎక్కడో పెట్టాను. దాని కథ తర్వాత.

మొదటి వెయ్యి కిలోమీటర్లు

కొత్త ఇంజన్‌లో పిస్టన్ రింగులూ సిలిండర్ గోడలూ ఒకదానికొకటి సర్దుకోవాలి. సర్దుకునేది మరీ మెల్లగా నడిపితే కాదు, మరీ తొక్కితే కాదు, మార్చి మార్చి నడిపితే. చాలామంది పొరపాటు ఇక్కడే. కొత్త కారని నలభైలో టాప్ గేరులో గునుస్తూ తీసుకెళ్తారు, అది ఇంజన్‌కి మంచిది కాదు, మూడు సిలిండర్ల దానికి అసలే కాదు. నేను చేసింది చెప్తాను: రెండున్నర మూడు వేల ఆర్‌పీఎమ్ (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) లోపు ఉంచాను, ఒకే స్పీడులో గంటలు గంటలు పోలేదు, పెడల్ చివరిదాకా నొక్కలేదు, పొద్దున్న స్టార్ట్ చేసి పది నిమిషాలు నిలబెట్టి వేడి చేసే అలవాటు మానేశాను. అరనిమిషం చాలు, తర్వాత నెమ్మదిగా కదలడమే. మీ కారు బుక్‌లో వేరే హద్దు రాసి ఉంటే అదే పాటించండి. ఆ బుక్ ఎవరూ తెరవరు, డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవర్‌లో అలాగే ముసలిదవుతుంది.

బ్రేకులకీ, టైర్లకీ కూడా మొదటి రెండు మూడొందల కిలోమీటర్లు సర్దుబాటు కాలమే. కొత్త టైరు పైపొర కాస్త జారుడుగా ఉంటుంది. ఆ నాలుగు రోజులూ ముందు బండికి దూరం కాస్త ఎక్కువ ఉంచండి.

టైర్లలో గాలి చూసుకోండి, డెలివరీ బళ్లలో కావాల్సిన దాని కంటే ఎక్కువ ఉండొచ్చు. నా కారులో 40 పైన ఉంది, డ్రైవర్ డోరు తెరిస్తే స్తంభం మీదున్న స్టిక్కర్ 33 అంటోంది. నేను "సస్పెన్షన్ బండరాయిలా ఉందే" అని మూడు రోజులు తిట్టుకున్నది ఆ గాలినే. గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడు, ఇంటి నుంచి దగ్గర్లో ఉన్న బంకులో చూడాలి, నడిచి వేడెక్కాక రెండు మూడు పాయింట్లు ఎక్కువే చూపిస్తుంది.

వణుకు, చప్పుడు, వాసన

నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ప్రతి 180 డిగ్రీలకీ ఒక పేలుడు అందుకుంటుంది, మూడు సిలిండర్లలో ప్రతి 240 డిగ్రీలకీ. మధ్యలో ఖాళీ ఎక్కువ, పైగా బేసి సంఖ్య, అందుకని నిలబడినప్పుడు ఒళ్లు జలదరించినట్టు ఉంటుంది. ఏసీ కంప్రెసర్ ఆన్ అయినప్పుడు ఇంకాస్త. ఇది స్వభావం, ఏ మెకానిక్కూ తీసేయలేడు. కానీ ఇంజన్ వేడెక్కాక కూడా నిలబడ్డప్పుడు ఆర్‌పీఎమ్ ముల్లు దానంతటది పైకీ కిందకీ గెంతుతుంటే, లేక ఆగిపోబోయినట్టు తూలుతుంటే అది స్వభావం కాదు, చూపించండి.

వణుకు ఎప్పుడు వస్తోందన్నదే అసలు ప్రశ్న. నిలబడినప్పుడే వచ్చి కదలగానే పోతే ఇంజన్‌ది. ఎనభై తొంభైలో స్టీరింగ్‌లో మొదలై, ఆ స్పీడు దాటితే తగ్గితే చక్రాల బ్యాలెన్సింగ్. బ్రేక్ నొక్కినప్పుడే పెడల్‌లో కొడుతుంటే డిస్క్‌లు చూపించాలి. తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ వదులుగా పట్టుకుంటే ఒక పక్కకి లాగుతుంటే ముందు గాలి సరిచూసి, అప్పటికీ లాగితే అలైన్‌మెంట్ అడగండి. మన రోడ్లు ఎడమకి కాస్త వాలుగా ఉంటాయి కాబట్టి రెండు మూడు వేర్వేరు రోడ్ల మీద చూడండి.

పొద్దున్న మొదటి స్టార్ట్‌లో ఇంజన్ గట్టిగా మోగి ఒక నిమిషంలో తగ్గడం సహజం. ఆపేశాక ఫ్యాన్ కాసేపు తిరగడం, కింద సైలెన్సర్ చల్లారుతూ టిక్ టిక్ అనడం కూడా. వాన వెలిశాకో, బండి కడిగాకో మర్నాడు డిస్క్‌ల మీద ఎర్రటి తుప్పు పొర చూసి మా తమ్ముడు కంగారుపడి ఫోన్ చేశాడు, రెండు సార్లు బ్రేక్ నొక్కితే పోతుందిరా అన్నాను, పోయింది. మొదటి వారం బానెట్ దగ్గర వచ్చే కాలిన వాసన లోహం మీద పూసిన రక్షణ పూత వేడికి పోవడం. పెట్రోల్ వాసన మాత్రం ఏ రోజు వచ్చినా ఆగి ఫోన్ చేయాల్సిందే, అందులో బేరం లేదు.

ఇప్పుడు నేను పట్టించుకోని ఆ ఒక్కటీ. ఏసీ వేసుకుంటే కారు కింద నీళ్లు కారడం అందరికీ తెలిసిందే, కారాలి కూడా. మా కారు కింద కారడం లేదు. నేను గమనించలేదు. పక్క సీటులో కూర్చున్న మా అమ్మ "కాళ్ల దగ్గర చల్లగా తడిగా ఉందిరా" అంటే మంచినీళ్ల సీసా కారిందేమో అన్నాను. మళ్లీ చెప్తే గొడుగు అన్నాను. రెండు వారాలకి తివాచీ నుంచి ముక్కిన వాసన వచ్చింది, ఎత్తి చూస్తే కింద స్పాంజి పిండితే నీళ్లు. ఏసీ డ్రెయిన్ గొట్టం సరిగ్గా అమర్చలేదు, నీళ్లన్నీ లోపలికి వస్తున్నాయి. సర్వీస్ సెంటర్‌లో అరగంట పని, వారంటీలో చేశారు, తివాచీ ఆరబెట్టడానికి మాత్రం రెండు రోజులు బండి వాళ్ల దగ్గరే ఉంది. అదే కాస్త ఆలస్యమైతే ఆ తడి వైరింగ్ దాకా పోయేది. నడిపేవాడికి ఇంజన్ గోలే వినిపిస్తుంది, పక్కన, వెనక కూర్చున్నవాళ్లకి మిగతా కారంతా తెలుస్తుంది. మొదటి నెలలో ఒకసారి వేరేవాళ్ల చేతికి స్టీరింగ్ ఇచ్చి మీరు వెనక సీటులో కూర్చోండి.

ఏఎంటీ వాళ్లకి

ఏఎంటీని ఆటోమేటిక్ అని అమ్ముతారు గానీ లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మీ బదులు ఒక యంత్రం చేస్తుంది, అంతే తేడా. ఇది అర్థమైతే సగం ఫిర్యాదులు పోతాయి. గేరు మారే క్షణంలో పవర్ తెగుతుంది కాబట్టే తల ఊగుతుంది. మాన్యువల్‌లో మీరు క్లచ్ నొక్కేటప్పుడు యాక్సిలరేటర్ వదులుతారు కదా, ఇందులోనూ అలాగే గేరు మారబోతోందని అనిపించగానే కాలు కొంచెం తేలిక చేయండి. వారం పది రోజుల్లో ఆ లయ కాలికి పట్టుకుంటుంది, ఊపు సగానికి సగం తగ్గుతుంది. హైవే మీద లారీని దాటాలంటే మాత్రం దాన్ని నమ్ముకోకుండా ముందే మాన్యువల్ మోడ్‌లో ఒక గేరు కిందకి దించుకుని అప్పుడు బయటికి రండి. పెడల్ నొక్కాక అది ఆలోచించుకునే ఆ ఒక్క సెకను ఎదురుగా బస్సు వస్తుంటే చాలా పొడుగ్గా ఉంటుంది.

క్లచ్ కాలిపోయేది ఎత్తు మీదే. కైలాసగిరి ఎక్కేటప్పుడు ముందు బండి ఆగితే కొందరు బ్రేక్ వేయకుండా యాక్సిలరేటర్ సగం నొక్కి బండిని గాల్లో నిలబెట్టినట్టు నిలబెడతారు. లోపల క్లచ్ ప్లేటు అరుగుతూ ఉంటుంది. బ్రేక్ నొక్కండి, ఎక్కువసేపైతే న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్. ట్రాఫిక్‌లో ప్రతి రెండడుగులకీ పాకించడం కూడా మంచిది కాదు, కాస్త ఖాళీ రానిచ్చి ఒక్కసారి కదలండి, వెనకవాడు హారన్ కొడితే కొట్టుకోనివ్వండి.

దిగేటప్పుడు ఇంకో పద్ధతి. అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగుతూ డ్రైవ్‌లోనే వదిలేస్తే అది మైలేజీ కోసం పై గేర్లకి పోతుంది, మీరు బ్రేక్ మీదే ఆధారపడతారు, కింద శృంగవరపుకోట చేరేసరికి బ్రేకులు వాసన కొడతాయి. మాన్యువల్ మోడ్, రెండో గేరు, అవసరమైతేనే బ్రేక్. తిరుమల దిగేటప్పుడూ అంతే.

ఇవన్నీ అలవాటు సంగతులు. లోపం అంటే ఇలా ఉంటుంది: నడుస్తూ నడుస్తూ తనంతట తాను న్యూట్రల్‌లోకి పోవడం, గేరు లైటు వెలగడం, చదును రోడ్డు మీద కూడా క్లచ్ వాసన, లేదా మొదటి నెలలో లేని ఆలస్యం మూడో నెలలో రావడం. వీటికి మీ కాలు కారణం కాదు.

మైలేజీ: లెక్కేసి బాధపడండి

బ్రోషర్‌లో ఉన్న అంకె ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపి, ఒక నిర్ణీత పద్ధతిలో నడిపి తీసింది. స్విఫ్ట్ మాన్యువల్‌కి 24.8 అని ఉంటుంది, అది అబద్ధం కాదు, మన జగదాంబ జంక్షన్ దానికి తెలియదంతే. ఒక కారునీ ఇంకో కారునీ పోల్చడానికి ఆ అంకె పనికొస్తుంది, మన జేబుకి పనికిరాదు.

స్క్రీన్ మీద చూపించేదీ నమ్మకండి, నా కారులో అది లీటరుకి ఒక కిలోమీటరు పైనే పొగుడుతుంది. ట్యాంక్ టు ట్యాంక్ లెక్క వేయండి. ఆటో కట్ అయ్యేదాకా ఫుల్ కొట్టించి ట్రిప్ మీటర్ జీరో చేయండి. "ఇంకో యాభై రూపాయలది పడుతుంది సార్" అంటే వద్దనండి. కనీసం మూడొందల కిలోమీటర్లు తిరిగి, అదే బంకు, వీలైతే అదే పంపు, మళ్లీ ఆటో కట్. 412 కిలోమీటర్లకి 24.3 లీటర్లు పడితే 16.95. ఒకసారి లెక్క లెక్క కాదు, మూడు సార్లు వేసి చూడండి. మొదటి వెయ్యి కిలోమీటర్లవి అసలు కలపకండి.

నాకు ఊళ్లో ఏసీతో 13, 14 మధ్య. రాజమండ్రి రానూ పోనూ, ఎనభై తొంభైలో, నలుగురం, 19 దాటింది. అదే దారిలో ఒకసారి తొందరపడి వంద దగ్గరే నడిపితే పదిహేడుకి దిగింది. పొట్టిగా, ఎత్తుగా ఉండే బండి గాలిని చీల్చుకుపోవాలంటే ఆ మాత్రం తాగుతుంది.

ఇథనాల్ మాట కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో లీటరుకి శక్తి పెట్రోల్ కంటే సుమారు మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది, దానికి మెకానిక్‌ని తిట్టి లాభం లేదు. కొత్త కార్లు ఈ పెట్రోల్‌కి తగ్గట్టే చేసినవి కాబట్టి గొట్టాలు, రబ్బర్లు పాడవుతాయన్న భయం వాటికి అక్కర్లేదు. ట్యాంకు మూత దగ్గర ఈ20 అని స్టిక్కర్ ఉందేమో చూసుకోండి.

మూడు ట్యాంకుల లెక్కలోనూ ఊళ్లో పది దాటకపోతే అప్పుడు ఆ కాగితం పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. కాగితం ఉంటే మాట వేరుగా ఉంటుంది.

సర్వీస్ సెంటర్‌లో ఎలా చెప్పాలి

మొదటి ఫ్రీ సర్వీస్ వెయ్యి కిలోమీటర్లకో నెలకో ఉంటుంది, మీ బుక్‌లో ఏది ముందైతే అది. చాలా కార్లకి అందులో చూడటం, బిగించడం, కడగడం తప్ప ఏమీ ఉండదు, అయినా మానకండి, వారంటీకి ఆ స్టాంపు కావాలి. ఫ్రీ అంటే కూలి ఫ్రీ, సామాను కాదు. వెయ్యి కిలోమీటర్ల కారుకి ఇంజన్ ట్రీట్‌మెంట్, ఏసీ క్లీనింగ్, అడుగు కోటింగ్ అని లిస్టు చదువుతారు, "వద్దండి" అని నవ్వుతూ చెప్పేయండి.

ఫిర్యాదు చెప్పే తీరులోనే సగం పని ఉంది. "ఏదో చప్పుడు వస్తోందండీ" అంటే జాబ్ కార్డులో "నాయిస్, చెక్ చేయాలి" అని రాస్తారు, సాయంత్రం "చెక్ చేశాం, నార్మల్" అని ఇస్తారు. అలా కాకుండా ఏ స్పీడులో, ఏ రకం రోడ్డు మీద, ఎటు వైపు నుంచి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా, ఏసీ ఆపితే పోతోందా అన్నది రాయించండి. మీ మాటల్లో రాశారా లేదా చదివి సంతకం పెట్టండి. చప్పుడు వచ్చినప్పుడు పక్కనున్న వాళ్లతో ఫోన్‌లో వీడియో తీయించండి, ఎందుకంటే సర్వీస్ సెంటర్ గేటు దాటగానే ఏ కారైనా బుద్ధిమంతురాలైపోతుంది. వీలైతే టెక్నీషియన్‌నే పక్కన కూర్చోబెట్టుకుని ఆ రోడ్డు మీదకి తీసుకెళ్లండి. అడ్వైజర్‌తో పది నిమిషాలు వాదించే కంటే ఆ కుర్రాడితో రెండు కిలోమీటర్లు తిరగడం మేలు. ఛాసిస్ నంబర్ మీద సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ గానీ రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీయే బళ్లని వెనక్కి పిలవడం) గానీ ఉందేమో అప్పుడే చూడమనండి, స్క్రీన్ ఆగిపోవడం లాంటివి చాలావరకు దాంతోనే పోతాయి.

బయట స్పీకర్లో, లైట్లో వేయిస్తే వైరు కోయనివ్వకండి, కప్లర్‌తో పెట్టేవే వేయించండి. కోసిన వైరు కనిపిస్తే ఎలక్ట్రికల్ వారంటీ అడిగినప్పుడు అదే సాకు.

మాలాగా సముద్రం పక్కన ఉండేవాళ్లు పదిహేను రోజులకోసారి బండి అడుగు మంచినీళ్లతో కడిగించండి, భీమిలి రోడ్డు మీద ఉప్పు గాలి మామూలుది కాదు. ఇక ఎలుకలు. కొత్త కారు వైర్లంటే వాటికి ఏం ఇష్టమో. పొగాకు కాడలు కట్టమని కొందరు, కలరా ఉండలు పెట్టమని కొందరు. నేను రెండూ చేశాను, నాకు పనిచేసింది మాత్రం ఇవి: కారులో తిండి ముక్క మిగలనివ్వకపోవడం, రెండు రోజులకి మించి బండిని ఒకే చోట కదపకుండా ఉంచకపోవడం, వారానికోసారి బానెట్ ఎత్తి చూడటం.

చివరికి నా చప్పుడు కథ. గతుకుల మీద, ముప్పై నలభై స్పీడులో, ఎడమ వైపు ముందు నుంచి టక్ టక్ మని రెండు నెలలు. సస్పెన్షన్ అన్నాను, డోరు తాళం అన్నాను, డ్యాష్‌బోర్డు విప్పాలన్నాను. రెండు సార్లు "నార్మల్" అని రాసి పంపారు. మూడోసారి ఒక కుర్రాడు నాతో గాజువాక సర్వీస్ రోడ్డు మీదకి వచ్చి, కళ్లు మూసుకుని విని, "ఆపండి సార్" అని, డ్యాష్‌బోర్డు అర తీసి, దాని వెనక సందులో వేళ్లు పెట్టి తీశాడు. పసుపు రాసిన రూపాయి బిళ్ళ. ఇప్పుడది వినాయకుడి బొమ్మ ముందు రెండు వైపుల అంటుకునే టేపుతో అతికించి ఉంది.